మా నాయన మొదటి సంతకం

మా నాయన ఒక కాగితం చివర వేలిముద్ర కాకుండా తన పేరు రాసి సంతకం పెట్టిన మొదటిసారి నాకు బాగా గుర్తుంది. అది ఒక ఫిర్యాదు. ఆ ఫిర్యాదు, ఆయనకు సంతకం నేర్పిన సారు మీదే.

1995 జూన్ నెల. నాకు పదమూడేళ్లు. లాంతరు నేనే పట్టుకున్నాను. కాగితం తెచ్చినవాళ్లు నులక మంచం మీద కూర్చున్నారు. నాయన నేల మీద గొంతుక్కూర్చుని, కాగితాన్ని పీట మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం రాస్తున్నాడు. పేరు చివర ‘య్య’ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. యవత్తు తిప్పడం ఆయనకు ఎప్పుడూ కష్టమే. కాసేపు ఆగి, ఊపిరి బిగబట్టి, గుండ్రంగా తిప్పాడు. సారు నేర్పినట్టే తిప్పాడు.

ముప్పై ఏళ్లు దాటింది. టీచర్లను ఎవరైనా తిట్టడం విన్నప్పుడల్లా నాకు ఆ యవత్తే కళ్లముందు కనిపిస్తుంది.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో మార్కాపురం పక్కన చిన్న పల్లె. వాన తక్కువ, రాయి ఎక్కువ. మార్కాపురం అనగానే మా తరం వాళ్లకు గుర్తొచ్చేవి చెన్నకేశవస్వామి గుడి, పలకలు. మా దగ్గర భూమిలో పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో మా రాయి మీద అక్షరాలు దిద్దారు. బండను గనిలోంచి తీశాక ఉలి ఆనించి, సుత్తితో తట్టి, పొరలుగా చీల్చాలి. దెబ్బ గట్టిగా పడితే పొర ముక్కలవుతుంది, మరీ మెత్తగా పడితే విడదు. ఆ అంచనా చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. మా నాయన చేతికి అది వచ్చింది. ఆయన ఉలి ఆనిస్తే బండ పుస్తకం తెరిచినట్టు విడిపోయేది. తర్వాత కొలతకు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రంలో బిగిస్తే పలక. రుద్దే చోట లేచే దుమ్ము సాయంత్రానికి తల మీద, కనురెప్పల మీద తెల్లగా పేరుకునేది. నాయనకు దగ్గు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఉంది.

పిల్లలు కూడా ఆ పనిలో ఉండేవాళ్లు. పలకలు మోయడం, రుద్దడం, చట్రాలు అందించడం. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమలతో పాటు ఆ మొదటి జాబితాలో మా మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. ఈ సంగతి నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా, మూడో తరగతి మధ్యలో ఒకరోజు నాయన నన్ను బడికి కాకుండా తనతోపాటు పనికి తీసుకెళ్లాడని.

పది రోజులకేమో, సారు సైకిల్ మా ఇంటి ముందు ఆగింది.

మా సారు మొదట్లో స్పెషల్ టీచరుగా నెలకు 398 రూపాయలకు చేరారట. ఎనభైల్లో అలా చేరినవాళ్లు రాష్ట్రమంతా చాలామంది ఉన్నారు. తర్వాత రెగ్యులర్ అయ్యారు. మనిషి సన్నగా, పొట్టిగా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ఉండేవి. ఆ జేబు అడుగు ఎన్నిసార్లు ఉతికినా తెల్లగానే ఉండేది.

“ఏమయ్యా, పిల్లోడు బడికి రావడం లేదేం?” అన్నారు సైకిల్ దిగకుండానే.

“బాకీ ఉంది అయివారూ. వాడు కూడా ఒక చెయ్యేస్తే తొందరగా తీరుద్ది.”

మా వైపు పెద్దవాళ్లు టీచర్ని అయివారనే పిలుస్తారు. పిల్లలం సార్ అనేవాళ్లం.

సారు సైకిల్ స్టాండు వేశారు. మా ఇంటి గోడకు ఆనించి ఉన్న, చట్రం లేని విరిగిన పలక ఒకటి తీసుకున్నారు. జేబులో సుద్దముక్క తీసి, “బాకీ ఎంత?” అని అడిగారు.

“పన్నెండు వందలు.”

“వడ్డీ?”

“నూటికి మూడు.”

పలక మీద రాశారు. నెలకు ముప్పై ఆరు. “వీడికి రోజుకు ఎంతిస్తున్నారు?” రెండు రూపాయలు. నెలకు ఇరవై ఆరు రోజులనుకుంటే యాభై రెండు. యాభై రెండులోంచి ముప్పై ఆరు తీసేసి, కింద గీత గీసి, పదహారు అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. ఆ పలకను నాయన చేతిలో పెట్టారు.

“నెలంతా పలకలు మోస్తే వీడి వల్ల నీకు మిగిలేది ఇది. పదహారు రూపాయలు. ఆలోచించుకో.”

ఇంకేం మాట్లాడలేదు. చదువు గొప్పదనీ, నీ కొడుకు కలెక్టరవుతాడనీ చెప్పలేదు. సైకిలెక్కి వెళ్లిపోయారు. నాయనకు అంకెలు చదవడం రాదు కానీ లెక్క అర్థమయ్యింది. ఆ రాత్రి పలకను అమ్మకు చూపించి, “పదారంట” అన్నాడు. మరుసటి సోమవారం నేను బడికి వెళ్లాను.

నేను ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. రోజూ వడ్డీ లెక్కలే. ఆ పదహారు చుట్టూ చుట్టిన సున్నాను మించిన లెక్క ఇంతవరకు నేను వేయలేదు.

1991 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. సారుకు మా ఊరే పడింది. బడి అయ్యాక సాయంత్రం ఇల్లిల్లూ తిరగాలి. ఎవరిది ఏ ఇల్లో చూపించడానికి నన్ను వెంట తీసుకెళ్లేవారు. పెద్ద పెద్ద కాగితాలు, చిన్న చిన్న గళ్లు. ఒక గడిలో తప్పు పడితే మళ్లీ మొదటికొస్తుందని ఆయనకు టెన్షన్. ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి ఆఖరు రాత్రి లెక్కపెట్టాలి. ఆ రాత్రి గుడి అరుగు మీద పడుకుని ఉన్న ఒక ముసలాయన్ని సారు మెల్లగా తట్టి లేపి, “పెద్దాయనా, మీ పేరేంటండీ?” అని అడిగారు. అండీ అన్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఊళ్లో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. చివరికి చెప్పాడు. సారు రాసుకున్నారు.

మా ఇంటికొచ్చినప్పుడు చదువు గురించి అడిగే గడి దగ్గర నాయన, “ఏముంది అయివారూ, వేలిముద్రే” అన్నాడు. సారు అది నింపి, కలం మూయకుండా కాసేపు అలాగే కూర్చున్నారు. ఆ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు నిండినవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు 44 శాతమే అని తేలింది. ఆడవాళ్లలో అయితే మూడో వంతు కూడా లేరు. ఆ మిగతావాళ్లలో మా అమ్మా నాయనా ఉన్నారు.

ఆ తర్వాత రాత్రిబడి మొదలైంది. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. పక్కనే నెల్లూరు జిల్లాలో, దూబగుంటలో, రాత్రిబడిలో చదువుకున్న ఆడవాళ్లే 1992లో సారా మీద తిరగబడ్డారు. మా ఊళ్లో అంత పెద్ద సంగతులేం జరగలేదు. పదిహేనుమంది వచ్చేవాళ్లు, వాళ్లలో ఆరేడుగురు నిద్రపోయేవాళ్లు. సారు మార్కాపురంలో కాపురం ఉండి కూడా వారంలో నాలుగు రాత్రులు మా ఊళ్లోనే ఉండిపోయేవారు. బడి బల్ల మీద పడుకునేవారు.

నాయన బలపం పట్టుకుంటే విరిగిపోయేది. సుత్తి పట్టిన చెయ్యి కదా, అంత బలం అక్కర్లేదని దానికి తెలియదు. ఒక రాత్రికి నాలుగు బలపాలు విరగ్గొట్టి సిగ్గుపడి లేచి వచ్చేయబోయాడు. సారు పక్కన కూర్చున్నారు.

“పొర చీల్చేటప్పుడు ముందు ఉలి ఎట్లా ఆనిస్తావు? సుత్తి వేయకముందు?”

“ఊరికే తగిలీ తగలకుండా.”

“ఆ. అట్లా ఆనించు చాలు. సుత్తి వేసే పని లేదు దీనికి.”

బలపం ఆ తర్వాత విరగలేదు. ‘అ’ ముందు నేర్పలేదు సారు. నాయన పేరులో ఉన్న అక్షరాలతో మొదలుపెట్టారు. చివరి యవత్తుకే వారం పట్టింది. సారు తన చేతిని నాయన చేతి మీద వేసి తిప్పించేవారు. కాయలు కాసిన ఆ నల్లటి చెయ్యి మీద సుద్ద అంటిన ఆ సన్నటి చెయ్యి. నేను పక్కనే కూర్చుని ఎక్కాలు రాసుకుంటూ చూసేవాణ్ణి.

ఇక అసలు సంగతి.

మాది ఏడో తరగతి వరకు ఉన్న బడి. ముగ్గురు టీచర్లు ఉండాలి. ఒక పోస్టు ఖాళీ. ఉన్న ఇద్దరికి రెండు గదులు, ఒక వరండా. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే ప్రభుత్వ పథకం కింద కట్టిన గది ఒకటి కొత్తది, ఇంకోటి వానొస్తే కారేది. నేను ఏడో తరగతికి వచ్చిన సంవత్సరం, 1994లో, అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. ఓటర్ల జాబితా సవరణ అని సారును పిలిచారు. ఓటరు కార్డుల పని అని పిలిచారు. ట్రైనింగు అని పిలిచారు. తర్వాత ఎన్నికలు. అప్పుడు ఈవీఎంలు లేవు. బ్యాలెట్ పెట్టెలు, లక్క, సిరా, కట్టలు కట్టలు కాగితాలు. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఊళ్లో, బడి గదిలో, పెట్టెలు తలకింద పెట్టుకుని పడుకున్నామని వచ్చాక చెప్పారు. ఆ తర్వాత లెక్కింపు డ్యూటీ. ఆయన వెళ్లిన ప్రతిసారీ రెండో సారు ఒక్కరే ఏడు తరగతులను చూసేవారు. చూడడం అంటే చూడడమే, చదువు చెప్పడం ఎక్కడ కుదురుతుంది.

మాకు ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. జిల్లా అంతా ఒకటే పేపరు. పిల్లలకు అదే మొదటి పెద్ద పరీక్ష, ఊరికి పరువు సమస్య. జనవరి నుంచి సారు ఉదయం ఏడింటికే వచ్చి చెప్పేవారు. అయినా లెక్కల్లో పోర్షన్ పూర్తి కాలేదు. పదకొండు మందిమి రాశాం. నలుగురం పాసయ్యాం. నేను లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఊళ్లో గోల మొదలైంది. రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఆ కోపంలో అన్యాయం లేదు. ఏడుగురు పిల్లలు ఫెయిలయ్యారు, వాళ్లలో నలుగురు ఆ వారమే పలకల పనికి వెళ్లిపోయారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. కలెక్టరాఫీసు ఎక్కడో ఒంగోలులో ఉంది, ఎన్నికల సంఘం ఢిల్లీలో ఉంది. చేతికి అందేంత దూరంలో ఉన్నది సారు ఒక్కరే.

పాసయిన నలుగురినీ పిలిచారు. నన్నే ముందు అడిగారు.

“మీ సారు బడికి సరిగ్గా వచ్చేవాడా రా?”

అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు భయమేసింది.

“డిసెంబరులో రాలేదు” అన్నాను.

“ఎన్ని రోజులు?”

“చానా రోజులు.”

ఎక్కడికి వెళ్లారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. వాళ్లలో సగం మంది ఆ ఎన్నికల్లో సిరా వేయించుకుని ఓటేసినవాళ్లే. ఆ సిరా వేసింది ఇంకేదో ఊరి సారని, మన సారు ఇంకేదో ఊళ్లో ఇంకెవరి వేలికో సిరా వేస్తున్నాడని ఒక్కరికీ తట్టలేదు. నాకు తెలుసు. ట్రైనింగు కాగితం ఆయన బల్ల మీద చూశాను. ఎన్నికలయ్యాక వచ్చి ఆయన చెప్పిన కబుర్లు కూడా విన్నాను. ఒక్క వాక్యం. “ఎలక్షన్ డ్యూటీకి వెళ్లారు” అనే ఒక్క వాక్యం నా నోట్లోంచి రాలేదు.

ఆ రాత్రే కాగితం మా ఇంటికి వచ్చింది. తెచ్చిన ఇద్దరిలో ఒకాయన దగ్గర నాయనకు ఇంకా బాకీ ఉంది. నాయన చదవలేనంత ఎక్కువ రాసి ఉంది అందులో. తన పేరు రాయడం, బస్సు బోర్డులు కూడబలుక్కోవడం వరకే ఆయన చదువు. “ఏముంది దాంట్లో?” అని అడిగాడు. “అయివారు బడికి రావడం లేదని. నీ కొడుకే చెప్పాడు” అన్నారు. నాయన నా వైపు చూశాడు. నేను లాంతరు వత్తి వైపు చూశాను.

వేలిముద్ర వేయడానికి సిరాడబ్బా కూడా తెచ్చారు వాళ్లు. “అక్కర్లేదు, రాస్తాను” అన్నాడు నాయన.

పదిహేను రోజుల్లో సారుకు బదిలీ అయింది. వెళ్లేరోజు బడికి వచ్చి రిజిస్టర్లు అప్పగించారు. బీరువా తాళం రెండో సారు చేతిలో పెట్టారు. నేను అప్పటికే మార్కాపురం హైస్కూల్లో చేరాను, అయినా ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. వేపచెట్టు వెనక నిలబడ్డాను. సైకిల్ క్యారియర్‌కు ఒక సంచీ కట్టుకుని వెళ్లిపోయారు. నేను ముందుకు వెళ్లి నమస్కారం పెట్టలేదు.

నాయన దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒక సాయంత్రం, ఎందుకో ఉన్నట్టుండి, “ఆ కాయితం మీద ఏలిముద్ర ఏసుంటే బాగుండేది రా” అన్నాడు. అంతే.

మా చెల్లెలు ఇప్పుడు ప్రభుత్వ ప్రాథమిక బడిలో టీచరు. డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం. అయిదు తరగతులకు ఇద్దరు. పండక్కి వచ్చినప్పుడు నేను అడుగుతుంటాను, ఈ ఏడాది ఏమేం చేయించారని. కోడిగుడ్లు లెక్కపెట్టి ఫొటో. 2024 దాకా అయితే మరుగుదొడ్డి శుభ్రంగా ఉందని ఫొటో కూడా. పిల్లల బూట్ల సైజులు కొలిచి నమోదు. తన ముఖం ఫొటో తీసి హాజరు, సిగ్నల్ లేకపోతే ఆవరణలో అటూ ఇటూ తిరుగుతూ. “అన్నా, ఒక్కోరోజు ఫోను కింద పెట్టి సుద్దముక్క పట్టుకునేసరికి పదకొండవుతుంది” అంటుంది. ఫిర్యాదులా చెప్పదు, వంట గురించి చెప్పినట్టు చెబుతుంది. మళ్లీ జనాభా లెక్కలు, 2027వి, ఇవీ వాళ్లమీదే పడతాయి.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 27వ సెక్షన్ టీచర్లకు జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు అప్పగించకూడదంటుంది. అయినా 2020 మే నెలలో లాక్‌డౌన్ మధ్య మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖపట్నం వైపు టీచర్లను ఆ దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి నిలబెట్టారు. ఆ ఫొటో చూసి నాకు అన్నం సహించలేదు. ప్రైవేటు స్కూళ్ల టీచర్ల సంగతి ఇంకోలా ఉంది. ఆ ఏడాది జీతాలు ఆగిపోయి కూరగాయలు అమ్ముకున్నవాళ్లు, ఉపాధి పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మన పిల్లలకు భిన్నాలు చెప్పిన మనిషి బియ్యం కోసం లైన్లో నిలబడింది.

అందరు టీచర్లూ మా సారు లాంటివాళ్లే అని నేను అనను. హైస్కూల్లో ఒకాయన స్కేలును అడ్డంగా తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఆ నొప్పి నాకు ఈ రోజుకీ గుర్తుంది, దాన్ని ప్రేమ అని నేను ఎప్పటికీ అనను. సంతకం పెట్టి వెళ్లిపోయే టీచర్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్లను నిలదీయాల్సిందే. కానీ నిలదీసే ముందు ఒక్క ప్రశ్న. రాలేదు సరే, ఎక్కడికి వెళ్లారు? ఎవరు పంపారు? ఆ ప్రశ్న అడిగే ఓపిక మనకు ఉండాలి. ఆ జవాబు తెలిసినవాడు నోరు తెరవాలి.

పోయిన ఏడాది మా అబ్బాయి క్లాసు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి ఒకరు మొదలుపెట్టారు. లెక్కల మేడమ్ సరిగ్గా చెప్పడం లేదు, నాలుగు రోజులుగా రావడం లేదు, యాజమాన్యానికి అందరం కలిసి లెటర్ పెడదాం. నిమిషంలో ఇరవై మంది బొటనవేలి గుర్తు పెట్టి ‘అవును’ అన్నారు. నా బొటనవేలు కూడా ఆ గుర్తు మీదకు వెళ్లింది. అక్కడే ఆగింది. మావాణ్ణి లేపి అడిగాను, మేడమ్ ఎందుకు రావడం లేదురా అని. “వాళ్లమ్మ హాస్పిటల్లో ఉంది నాన్నా, మాకు చెప్పి వెళ్లింది. రోజూ సాయంత్రం వర్క్‌షీట్ ఫోన్లో పంపుతోంది కదా” అన్నాడు నిద్రమత్తులో. పిల్లలందరికీ తెలుసు. ఆ మాటే గ్రూపులో రాశాను. చదివినవాళ్లెవరూ జవాబివ్వలేదు, కానీ లెటర్ వెళ్లలేదు.

సారును నేను మళ్లీ చూసింది 2019లో. అప్పుడు నాకు ఒంగోలులో పోస్టింగ్. కౌంటర్ అవతల గళ్ల చొక్కాలో సన్నటి ముసలాయన, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డారు. జేబు చూశాను. సుద్ద లేదు. కానీ చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించుకుని నిలబడే ఆ తీరు చూసి గుర్తుపట్టాను.

లేచి వెళ్లి కాళ్లకు దండం పెట్టాను. ఊరి పేరు చెప్పాను, నాయన పేరు చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, “పదహారు” అన్నారు.

నా క్యాబిన్‌లో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాను. నాయన 2012లో పోయాడని చెప్పాను. దగ్గుతోనే అని చెప్పాను. తల ఊపారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇరవై నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటకు వచ్చింది.

“సార్, ఆ రోజు రచ్చబండ దగ్గర మీరు బడికి రాలేదని చెప్పింది నేనే.”

“నిజమే కదా. రాలేదు.”

“ఎలక్షన్ డ్యూటీ అని చెప్పలేదు సార్.”

“చిన్నపిల్లోడివి” అన్నారు. తర్వాత, “ఆ అర్జీ నాకు ఆఫీసులో చూపించారు. వివరణ రాసివ్వమని. మొత్తం వేలిముద్రలు, పెద్దల సంతకాలు నాలుగైదు. కింద మీ నాయన పేరు చూశాను. అర్జీలో ఏముందో ఆ తర్వాత చదివాను, ముందు ఆ సంతకమే చూశాను. యవత్తు బాగా తిప్పాడు” అన్నారు. ఆయన ముఖంలో నాకు కోపం కనిపించలేదు, బాధ కూడా కనిపించలేదు. పిల్లాడి నోట్సులో మంచి అక్షరం చూసినప్పటి ముఖమది.

నేను కళ్లు తుడుచుకుని డిపాజిట్ కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఎన్ని నెలలకు వేస్తే వడ్డీ ఎంత వస్తుందో, చక్రవడ్డీ ఎలా కలుస్తుందో చెబుతున్నాను. ఆయన వినడం మానేసి నన్నే చూస్తున్నారు.

“పందొమ్మిది రోజులు” అన్నారు.

“ఏంటి సార్?”

“ఆ ఏడాది డ్యూటీలకని నేను పోయిన బడి రోజులు. పందొమ్మిది. లెక్కల్లో బారువడ్డీ పాఠం సగంలో ఆగిపోయింది. వచ్చాక లాభనష్టాలు చెప్పాలా, బారువడ్డీ చెప్పాలా అంటే పరీక్షలో లాభనష్టాలకు మార్కులెక్కువని అది చెప్పాను. మీ ఊళ్లో ప్రతి ఇంటికీ కావాల్సింది బారువడ్డీ. అది చెప్పకుండా పంపించేశాను మిమ్మల్ని.”

నాకు ఏమనాలో తెలియలేదు.

ఆయన కాఫీ కప్పు పక్కకు జరిపి, కొంచెం ముందుకు వంగి అడిగారు.

“తర్వాత ఎవరైనా చెప్పారా నీకు?”

“ఎనిమిదిలో లెక్కల సార్ చెప్పారు సార్. మొదటి నెలలోనే.”

“అమ్మయ్య” అన్నారు.